గుండెకి పెట్-ఎంఆర్ఐ కలిపి తీయాలంటున్నారు. రెండూ ఒకేసారి ఎందుకు?

చిన్నోడు · సోమవారం రాత్రి 9:40

మా అన్నయ్యకి 46 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ ముట్టడు. రెండు నెలల నుంచి మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి అంటుంటే ఈసీజీ తీశారు. రెండో దశ హార్ట్ బ్లాక్ అని, అంటే గుండెలో కరెంటు కిందికి సరిగ్గా దిగట్లేదని తేలింది. యాంజియోగ్రామ్‌లో నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇక పేస్‌మేకర్ పెట్టేస్తారు, ఇంటికి పంపేస్తారు అనుకున్నాం. కానీ డాక్టర్ గారు ఆపారు. ఈ వయసులో కారణం లేకుండా బ్లాక్ రాదు, గుండెలో సార్కాయిడోసిస్ (ఒంట్లో అక్కడక్కడ వాపు గడ్డలు కట్టే జబ్బు) ఉందేమో చూడాలి, పేస్‌మేకర్ కంటే ముందే పెట్-ఎంఆర్ఐ తీయాలి అన్నారు. అన్నయ్య ఇప్పుడు ఆసుపత్రిలో మానిటర్ మీద ఉన్నాడు. స్కాన్ గురువారం.

నాకు అర్థం కానిది ఒకటే. పెట్ స్కాన్ అంటే క్యాన్సర్‌కి తీసేది కదా? ఎంఆర్ఐ ఒక్కటి తీస్తే సరిపోదా? పైగా రెండు రోజుల ముందు నుంచి ఏం తినాలో పెద్ద చీటీ ఇచ్చారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

కాయిల్‌మాస్టర్ · సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, నేను 22 ఏళ్లుగా ఎంఆర్ఐ గదిలోనే ఉన్నాను. మిగతా సంగతులు డాక్టర్లు చెబుతారు కానీ, పేస్‌మేకర్ కంటే ముందు అన్నారు చూడు, ఆ ఒక్క మాటకే ఆ డాక్టర్‌కి దండం పెట్టాలి. ఈ రోజుల్లో ఎంఆర్ఐలోకి తీసుకెళ్లదగ్గ పేస్‌మేకర్లు చాలానే వచ్చాయి, అది నిజమే. కానీ లోపలికి వెళ్లడం వేరు, బొమ్మ బాగా రావడం వేరు. ఎడమ భుజం కింద ఆ డబ్బా కూర్చున్నాక దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం వంకర పోతుంది. గుండె ముందు గోడ మీద నల్లటి మరక పడుతుంది. ఐసీడీ (లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) అయితే ఇంకా పెద్ద మరక. లోహం లేని గుండెని ఫొటో తీసే అవకాశం మీ అన్నయ్యకి ఇప్పుడే ఉంది.

ఐసోటోపు · సోమవారం రాత్రి 11:20

నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్‌ని. ఇక్కడ ఎవరికీ వైద్యం చెప్పను, స్కాన్ ఏం చూస్తుందో మాత్రం చెబుతాను.

ఎంఆర్ఐలో గాడోలినియం అనే కాంట్రాస్ట్ ఎక్కించి పది నిమిషాలు ఆగి గుండెని చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న కండరం నుంచి అది త్వరగా కడుక్కుపోతుంది. మచ్చ పడిన చోట, కణాలు దెబ్బతిన్న చోట ఇరుక్కుని ఉండిపోతుంది. అక్కడ తెల్లగా మెరుస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల వివరం దాకా కనిపిస్తుంది. కానీ ఆ మెరుపు పదేళ్ల నాటి మచ్చదా, ఇప్పుడు రగులుతున్న వాపుదా అన్నది గాడోలినియం తేల్చి చెప్పలేదు. టీ2 మ్యాపింగ్ లాంటివి నీరు పట్టిన కండరాన్ని చూపించి కొంత సాయం చేస్తాయి, అంతే.

పెట్ సంగతి వేరు. ఎఫ్‌డీజీ అంటే గ్లూకోజ్‌కి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన పదార్థం. సార్కాయిడోసిస్‌లో గుంపులుగా చేరే తెల్ల కణాలు చక్కెరని ఆబగా లాగేసుకుంటాయి, అందుకే అవి వెలుగుతాయి. పాత మచ్చ వెలగదు.

బూడిద ఎక్కడ ఉందో ఎంఆర్ఐ చూపిస్తుంది. అది ఆరిన బూడిదా, నివురుగప్పిన నిప్పా అన్నది పెట్ చెబుతుంది. నిప్పు ఉంటే స్టెరాయిడ్లు వేసి ఆర్పాలి. బూడిద ఒక్కటే అయితే స్టెరాయిడ్ల వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు, సైడ్ ఎఫెక్టులు తప్ప.

మీ చీటీ సంగతి ఇక్కడే వస్తుంది. గుండె కండరం కూడా చక్కెర తింటుంది. అది మామూలుగా తింటూ ఉంటే గుండె మొత్తం వెలిగి, వాపు ఎక్కడుందో కనపడదు. కాబట్టి ముందు రోజు నుంచి పిండి పదార్థాలు ఆపేసి, కొవ్వు ఎక్కువగా పెట్టి, ఆ తర్వాత ఉపవాసం ఉంచుతాం. అప్పుడు గుండె కొవ్వు ఆమ్లాల మీదికి మళ్లుతుంది. సాధారణంగా చెప్పే లెక్క: కనీసం రెండు పూటలు, పూటకి 35 గ్రాములు దాటి కొవ్వు, 3 గ్రాముల లోపు పిండి పదార్థం, ఆపైన కనీసం నాలుగు గంటల ఉపవాసం. చాలా సెంటర్లు 12 గంటలు, ఇంకా ఎక్కువ కూడా ఉంచుతాయి. ఆ తిండి తినలేనివాళ్లకి 18 గంటలు దాటిన ఉపవాసం. మీ చీటీలో ఏ లెక్క ఉంటే అదే పాటించండి, నా లెక్క కాదు.

మౌనపాఠకురాలు · మంగళవారం ఉదయం 6:15

డాక్టర్ గారూ, చక్కెర ఆపమని చెప్పి చక్కెర ఇంజెక్షనే ఇస్తారా? షుగర్ ఉన్నవాళ్లకి పెరగదా?

ఐసోటోపు · మంగళవారం ఉదయం 7:02

పెరగదమ్మా. అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మన మెషీన్‌కి అదే చాలు, ఒంటికి లెక్కలోకి రాదు. షుగర్ పేషెంట్లకి అసలు చిక్కు ఇన్సులిన్‌తో. స్కాన్‌కి ముందు ఇన్సులిన్ పడితే అది గ్లూకోజ్‌ని గుండె కండరంలోకి తోసేస్తుంది. వాళ్లకి ప్రిపరేషన్ విడిగా ప్లాన్ చేస్తారు.

నాలుగోగది · మంగళవారం ఉదయం 10:30

చిన్నోడు గారూ, నేను ఈ స్కాన్ రెండుసార్లు చేయించుకున్నాను. రెండుసార్లు ఎందుకంటే మొదటిది నా చేతులారా పాడు చేసుకున్నాను కాబట్టి.

తిండి అంతా చీటీలో ఉన్నట్టే తిన్నాను. రాత్రి గొంతు గరగరలాడుతుంటే దగ్గు బిళ్లలు నాలుగు చప్పరించాను. అది తిండి కాదు కదా అనుకున్నాను. పొద్దున స్కాన్ తీస్తే గుండె మొత్తం దీపంలా వెలిగింది. నేను బెదిరిపోయాను, రోగం అంతటా పాకిందేమో అని. టెక్నీషియన్ వచ్చి నిన్న రాత్రి నోట్లో ఏం వేసుకున్నారు అని అడిగింది. బిళ్లల పేరు చెప్పగానే తల పట్టుకుంది. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు.

సొరంగంలో ఎలా ఉంటుందో కూడా చెబుతాను, మీ అన్నయ్యకి పనికొస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చాక గంటకి పైగా ఒంటరిగా, కదలకుండా కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఛాతీ మీద బరువుగా ఒక పలక లాంటిది కట్టి లోపలికి పంపారు. లోపల గంటకి కాస్త ఎక్కువే పట్టింది. గాలి పీల్చండి, వదలండి, ఆపండి అని పదే పదే చెబుతారు. ఒక్కోసారి పది, పదిహేను సెకన్లు. ఇరవై దాటాక లెక్కపెట్టడం మానేశాను. పెట్ మాత్రం ఆ వెనకాల చడీచప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటుందట, మనకి తెలియదు. ఊపిరి బిగబట్టడం ఇవాళ్టి నుంచే ప్రాక్టీస్ చేయించండి.

చిన్నోడు · మంగళవారం ఉదయం 11:10

అక్కా, దగ్గు బిళ్లల సంగతి చెప్పి మంచి పని చేశారు. అన్నయ్య దిండు కింద చూస్తే రెండు దొరికాయి. తీసేశాను.

కాయిల్‌మాస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 1:00

ఆసుపత్రిలో ఉన్నాడన్నావు కాబట్టి ఇంకొకటి. సెలైన్ సీసా మీద డెక్స్‌ట్రోజ్ అని ఉందేమో చూసి నర్సుని అడుగు. కొన్ని మందులు డెక్స్‌ట్రోజ్‌లో కలిపి ఎక్కిస్తారు. నోటితో ఏమీ తినకపోయినా నరంలోంచి చక్కెర పోతుంటే ప్రిపరేషన్ అంతా బూడిదలో పోసినట్టే. రోగి తప్పు ఏమీ లేకుండా ఇలా పాడైన స్కాన్లు నేను చాలా చూశాను.

పాతసర్క్యూట్ · మంగళవారం సాయంత్రం 6:45

నేను డాక్టర్‌ని కాదు, డిటెక్టర్ల మీద పని చేసి రిటైరైన ఇంజినీర్‌ని. ఈ రెండు మెషీన్లని ఒకే గొట్టంలో కూర్చోబెట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సబ్జెక్టు పక్కకి పోతున్నానంటే చెప్పండి, ఆపేస్తాను. (ఆపను.)

ట్రేసర్ (అంటే ఎక్కించిన ఎఫ్‌డీజీ) నుంచి వచ్చిన పాజిట్రాన్ అనే కణం ఒక ఎలక్ట్రాన్‌ని ఢీకొని మాయమవుతుంది. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు రెండు, ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో బయటికి పోతాయి. వాటిని పట్టుకుని వెలుగుగా మార్చే స్ఫటికాల వెనక పాత రోజుల్లో ఫొటోమల్టిప్లయర్ గొట్టాలు ఉండేవి. గొట్టంలో ఒక ఎలక్ట్రాన్ బయల్దేరి మెట్టుమెట్టుకీ పెరిగి చివరికి పది లక్షల దాకా అవుతుంది. ఆ ఎలక్ట్రాన్లు అయస్కాంతం పక్కన దారి తప్పుతాయి. 3 టెస్లా ఎంఆర్ఐలో ఆ గొట్టం పెడితే గుడ్డిదే.

1990లలో సైమన్ చెర్రీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఒక ఉపాయం పన్నారు. స్ఫటికాలని అయస్కాంతం లోపల పెట్టి, వెలుగుని మీటర్ల పొడవు ఆప్టికల్ ఫైబర్లలో బయటికి లాగి, గొట్టాలని దూరంగా పెట్టారు. 1997 నాటికి చిన్న జంతువుల స్థాయిలో రెండు బొమ్మలూ ఒకేసారి వచ్చాయి. కానీ మనిషి పట్టే మెషీన్‌కి అన్ని ఫైబర్లు ఎక్కడ పెడతారు? గొట్టాల బదులు సిలికాన్ ముక్కలు వచ్చాకే దారి దొరికింది. వాటిని అవలాంచ్ ఫొటోడయోడ్లు అంటారు, అయస్కాంతానికి జంకవు. వాటితోనే సీమెన్స్ బయోగ్రాఫ్ ఎంఎంఆర్ 2010లో మ్యూనిక్‌లో పనిలోకి దిగింది. ఒంటి మొత్తానికీ పెట్, ఎంఆర్ఐ ఏకకాలంలో తీసే మెషీన్ అదే మొదలు. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కానీ ఆ డయోడ్లు నిదానం, పైగా గది వేడి కొంచెం మారినా వాటి లెక్క మారిపోయేది. తర్వాత జీఈ వాళ్లు సిలికాన్ ఫొటోమల్టిప్లయర్లు పెట్టారు. రెండు కిరణాల్లో ఏది ముందొచ్చిందో 400 పికోసెకన్ల లోపు తేడాతో పట్టేస్తాయవి. కాంతి ఆ లోపల ఎంత దూరం పోతుంది? 12 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 6 సెంటీమీటర్ల ముక్కలో ఎక్కడో కిరణం పుట్టిందని తెలుస్తుంది. బొమ్మలో మసక బాగా తగ్గుతుంది.

సందేహాలరావు · మంగళవారం రాత్రి 9:30

పెద్దాయనా, మెషీన్ కథ బాగుంది. కానీ నేను గుండె డాక్టర్‌ని, నా పని పేరులోనే ఉంది. కొన్ని చేదు మాటలు చెప్పనివ్వండి.

ఒకటి, సార్కాయిడోసిస్‌కి ఎంఆర్ఐ ఒక రోజు, పెట్-సీటీ ఇంకో రోజు తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి చూడటం ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. అది తప్పేమీ కాదు. కలిపి తీసే మెషీన్లు ప్రపంచంలోనే తక్కువ. అది లేదని వైద్యం ఆపుకోనక్కర్లేదు.

రెండు, అందమైన బొమ్మ రోగిని బతికించదు. బైపాస్‌కో స్టెంట్‌కో ముందు కండరంలో ప్రాణం ఉందా లేదా అని చూసే వయబిలిటీ స్కాన్ల మీద మాకు ఒకప్పుడు గొప్ప నమ్మకం ఉండేది. 2000లో రేమండ్ కిమ్ బృందం గోడ మందంలో సగానికి మించి మచ్చ ఉంటే ఆ భాగం కోలుకోవడం అరుదని చూపించింది. మేమంతా అదే పట్టుకున్నాం. 2022లో రివైవ్డ్ ట్రయల్ వచ్చింది. గుండె బాగా బలహీనపడి, కండరంలో ప్రాణం మిగిలి ఉందని తేలిన 700 మంది. స్టెంట్లు వేసినవాళ్లకీ మందులతో సరిపెట్టినవాళ్లకీ మరణాల్లో, ఆసుపత్రి చేరికల్లో తేడా రాలేదు. ప్రాణం ఉన్న కండరాన్ని కనిపెట్టడం వేరు, దానివల్ల రోగి ఎక్కువ కాలం బతకడం వేరు.

మూడు, మీ మెషీన్ ఎముకని చూడలేదు. దాని గురించి పెద్దాయనే చెప్పాలి.

పాతసర్క్యూట్ · మంగళవారం రాత్రి 10:15

దొరికిపోయాను. నిజమే.

కిరణాలు ఒంట్లోంచి బయటికి వచ్చేలోపు కొన్ని దారిలోనే ఆగిపోతాయి. ఎక్కడ ఎన్ని ఆగాయో లెక్క కట్టి కలపకపోతే లోతుగా ఉన్న భాగాలు మసకగా వస్తాయి. పెట్-సీటీలో ఎక్స్-రే ఆ లెక్క నేరుగా ఇస్తుంది. ఎంఆర్ఐ వినేది హైడ్రోజన్ గొంతు మాత్రమే. గట్టి ఎముకలో వినదగ్గ హైడ్రోజన్ దాదాపు లేదు, గాలిలోనూ లేదు. రెండూ బొమ్మలో నల్లగానే ఉంటాయి. కిరణాలని ఎక్కువగా ఆపేది ఎముక, అసలు ఆపనిది గాలి! రెండూ ఒకే రంగు. అందుకని మెషీన్ ఒంటిని గాలి, ఊపిరితిత్తి, కొవ్వు, మెత్తని కణజాలం అని నాలుగు రకాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక అంకె అంటిస్తుంది. ఎముకని మెత్తని కణజాలం కింద జమ వేస్తుంది. మెదడుకి పుర్రె వల్ల ఇది పెద్ద తప్పు. గుండెకి కొంచెం నయం. బైపాస్ అయినవాళ్ల రొమ్ము ఎముకలోని తీగలు మాత్రం చిక్కే. చుట్టూ నల్లటి గుంత పడుతుంది, మెషీన్ దాన్ని గాలి అనుకుంటుంది, ఆ వెనకున్న గుండె గోడలో వెలుగుని తక్కువ చేసి చూపిస్తుంది.

ఐసోటోపు · మంగళవారం రాత్రి 11:40

రావు గారూ, మీ రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మొదటి మాట మీద మాత్రం వాదిస్తాను.

మెదడు బొమ్మలని ఒకదాని మీద ఒకటి పరచడం తేలిక, పుర్రె కదలదు. గుండె కొట్టుకుంటుంది, ఊపిరితో పాటు కిందికీ పైకీ జారుతుంది. విడివిడిగా తీసినప్పుడు పడుకున్న తీరు వేరు, ఊపిరి వేరు. ఒక సెంటీమీటర్ జరిగితే చాలు, మధ్య గోడలోని వాపు కుడి జఠరికలో ఉన్నట్టు కనిపిస్తుంది. పెట్-సీటీలోనే చూడండి, సీటీ సెకన్లలో అయిపోతుంది, పెట్ నిమిషాల పాటు ఊపిరి పీలుస్తుండగా నడుస్తుంది. ఆ తేడాకి పక్క గోడలో లేని లోపాలు ఎన్ని కనిపించలేదు మనకి? కలిపి తీసినప్పుడు ఎంఆర్ఐ గుండె కదలికని కొలుస్తూ ఉంటుంది, ఆ కొలతతో పెట్ బొమ్మలోని కదలిక మసకని సరిచేయవచ్చు. ఇది విడివిడి స్కాన్లతో కుదరదు. అయితే ఊపిరి బిగబట్టి తీసిన ఎంఆర్ఐ మ్యాప్‌తోనూ పక్క గోడ దగ్గర అదే జారుడు వస్తుంది, దాచను.

ఇంకో సంగతి. ఎఫ్‌డీజీ ఇచ్చిన రోజు తిన్న తిండి, ఉన్న ఉపవాసం ఆ రోజుదే. వారం తేడాతో, మధ్యలో స్టెరాయిడ్ మొదలుపెట్టి తీసిన ఎంఆర్ఐతో దాన్ని పోల్చడం రెండు వేర్వేరు రోజుల గుండెలని పోల్చడమే.

మౌనపాఠకురాలు · బుధవారం ఉదయం 6:20

ఎంఆర్ఐ కలిసింది కాబట్టి రేడియేషన్ ఉండదు కదా?

కాయిల్‌మాస్టర్ · బుధవారం ఉదయం 8:00

సీటీ రేడియేషన్ ఉండదు, అంతే. ట్రేసర్ రేడియేషన్ ఎక్కడికీ పోదు. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ ఇస్తే 7 మిల్లీసీవర్ట్‌లు వస్తుంది. ప్రకృతి నుంచి మనకి సగటున ఏడాదికి వచ్చేది 2.4, అంటే మూడేళ్లది ఒకేసారి. ఇప్పుడు చాలాచోట్ల ఇంకా తక్కువ డోసే ఇస్తారు. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగం అవుతుంది. స్కాన్ రోజు సాయంత్రం దాకా గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉంటే చాలు, నీళ్లు బాగా తాగాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లయితే గాడోలినియం విషయం ముందే చెప్పాలి.

చిన్నోడు · గురువారం రాత్రి 8:50

అయిపోయిందండీ. గంటా పది నిమిషాలు. డెక్స్‌ట్రోజ్ సంగతి అడిగితే నర్సు గారు చూసి నిజంగానే సీసా మార్చారు. కాయిల్‌మాస్టర్ అన్నా, ఏమిచ్చి మీ రుణం తీర్చుకోను? ఊపిరి బిగబట్టడం బాగానే చేశాడట. రిపోర్టు శనివారం.

చిన్నోడు · శనివారం సాయంత్రం 5:30

రిపోర్టు వచ్చింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఎడమ జఠరిక పంపింగ్ 48 శాతం. రెండు జఠరికల మధ్య గోడ పైభాగంలో గాడోలినియం మెరుపు, సరిగ్గా అక్కడే ఎఫ్‌డీజీ గట్టిగా వెలిగింది. అదే గోడకి కింద ఇంకోచోట మెరుపు ఉంది, ఎఫ్‌డీజీ లేదు. ఎడమ పక్క గోడలో ఎఫ్‌డీజీ కొద్దిగా ఉంది, ఎంఆర్ఐలో ఏమీ లేదు. ఛాతీ మధ్యలో లింఫ్ గ్రంథులు కూడా వెలిగాయి. పక్క గోడది చూసి భయమేస్తోంది. అక్కడికీ పాకుతోందా?

ఐసోటోపు · శనివారం సాయంత్రం 6:40

మీ డాక్టర్లు చెప్పేదే చివరి మాట. మామూలుగా ఇలాంటి బొమ్మని ఎలా చదువుతారో చెబుతాను. పైన మెరుపూ వెలుగూ ఒకే చోట ఉంటే రగులుతున్న వాపు అంటారు. గుండెలో కరెంటు పై గదుల నుంచి కింది గదులకి దిగే దారి అక్కడే ఉంది, కాబట్టి బ్లాక్‌కి కారణం కుదురుతుంది. కింద మెరుపు ఉండి వెలుగు లేకపోతే ఆరిన మచ్చ. పక్క గోడలో పలుచగా, ఒక్క దగ్గర గడ్డ కట్టకుండా పరుచుకున్న వెలుగు, ఎంఆర్ఐలో ఏమీ లేకుండా ఉంటే, చాలాసార్లు అది రోగం కాదు. ప్రిపరేషన్ బాగా కుదిరినవాళ్లలో కూడా ఆ గోడ కొంచెం చక్కెర తింటుంది. ఒక్క పెట్ చూస్తే మీలాగే నేనూ తటపటాయించేవాణ్ణి. ఎంఆర్ఐ కూడా అదే క్షణంలో అదే గోడని చూసి ఖాళీ అంటోంది కాబట్టి భయం తగ్గుతుంది. తొలి దశ వాపు కూడా ఒక్కోసారి ఇలాగే ఉంటుంది, అందుకే తర్వాతి స్కాన్‌లో ఆ చోటుని మళ్లీ చూస్తారు.

సందేహాలరావు · శనివారం రాత్రి 7:15

పక్క గోడ విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. లింఫ్ గ్రంథులు మాత్రం పెట్-సీటీలోనూ కనిపించేవే, ఆ మార్కులు మీకు వెయ్యను. అయినా అవి వెలగడం అదృష్టం. గుండె నుంచి ముక్క తీయడం కష్టం, పైగా వాపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది కాబట్టి సూది ఖాళీ చోట పడటమే ఎక్కువ. గ్రంథి నుంచి శ్వాసనాళం గుండా ముక్క తీస్తే రోగం పేరు ఖాయమవుతుంది.

చిన్నోడు · తర్వాతి శుక్రవారం, రాత్రి 10:10

గ్రంథి ముక్కలో సార్కాయిడోసిస్ అనే వచ్చింది. స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. అసలు విషయం ఏంటంటే, పేస్‌మేకర్ పెట్టలేదు. ఐసీడీ పెట్టారు. గోడలో మచ్చ ఉంది కాబట్టి ప్రమాదకరమైన లయ మొదలైతే షాక్ ఇచ్చి ఆపే పరికరమే మేలన్నారు, కొట్టుకోవడం నెమ్మదిస్తే పేస్ చేసే పని కూడా అదే చూసుకుంటుందట. స్కాన్ తీయకుండా ఉంటే మామూలు పేస్‌మేకరే పెట్టేవాళ్లం. అన్నయ్య నిన్న వార్డు చివరిదాకా నడిచాడు, కళ్లు తిరగలేదు.

వాపు తగ్గిందో లేదో చూడటానికి నాలుగు నెలల తర్వాత మళ్లీ స్కాన్ అన్నారు. ఈసారి పెట్-సీటీ అట. పెట్-ఎంఆర్ఐ కాదా అంటే, డబ్బా కూర్చుంది కదా అన్నారు.

సందేహాలరావు · శుక్రవారం రాత్రి 10:25

చివరికి నా మెషీన్ దగ్గరికే వచ్చారన్నమాట.

ఐసోటోపు · శుక్రవారం రాత్రి 10:40

రావు గారూ, మచ్చ ఎక్కడుందో ఇప్పటికే తెలుసు. ఇక అడగాల్సింది నిప్పు గురించే, దానికి పెట్-సీటీ చాలు. చిన్నోడు గారూ, వీలైతే అదే సెంటర్‌లో, అదే డోసుతో, ఇంజెక్షన్ తర్వాత అంతే సేపు ఆగి తీయించండి. అప్పుడే పాత అంకెలతో పోల్చడానికి వీలవుతుంది.

చిన్నోడు · శుక్రవారం రాత్రి 10:52

అలాగే డాక్టర్ గారూ. మళ్లీ ఆ తిండి చీటీ కూడా ఉంటుందా?

నాలుగోగది · శుక్రవారం రాత్రి 10:55

ఉంటుంది. దిండు కింద కూడా చూడండి.